లేరా, తెలియదా?

మెయిల్ సర్వర్లు ఒకదానితో ఒకటి అంకెల్లో మాట్లాడుకుంటాయి. పంపే సర్వరు ఫలానా చిరునామాకి ఉత్తరం తెచ్చానంటుంది. అందుకునే సర్వరు మూడంకెల జవాబిస్తుంది. మొదటి అంకె 2 అయితే సరే, ఇవ్వండి అని అర్థం. 5 అయితే కుదరదు, మళ్ళీ తేవద్దు. 4 అయితే ఇప్పుడు వీలుకాదు, కాసేపాగి తెండి. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ ప్రమాణంలో ఈ పద్ధతి ఉంది. నలభై ఏళ్ళు దాటినా అదే చెల్లుబాటవుతోంది.

ఈ జవాబుల్లో రెండింటి గురించే ఈ అధ్యాయం. ఒకటి 550: ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు. రెండోది 451: మావైపు ఏదో ఇబ్బంది వచ్చింది, ఉన్నారో లేరో ఇప్పుడు చెప్పలేం.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ చేసే పని ఇలాంటిదే. ఎవరైనా వచ్చి సుబ్బారావుగారి ఫ్లాటు అడిగితే రిజిస్టరు తిరగేస్తాడు. పేరు కనిపిస్తే పైకి పంపుతాడు. ఆసాంతం చూసినా కనిపించకపోతే లేరంటాడు. మరి రిజిస్టరు పెట్టిన బీరువా తాళంచెవి ఎవరో పట్టుకుపోతే? బుద్ధిమంతుడు "ఓ గంటాగి రండి" అంటాడు. విసుగ్గా ఉన్నవాడు "అలాంటివాళ్ళెవరూ లేరండీ" అని పంపించేస్తాడు. వచ్చిన మనిషి రెండుసార్లూ గేటు దగ్గరే ఆగిపోయాడు. కాని మొదటి మాట విన్నవాడు మళ్ళీ వస్తాడు. రెండోది విన్నవాడు ఇక రాడు.

మెయిల్ సర్వరు పట్టికల్లో వచ్చే తప్పులను విడదీయాలంటే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. సర్వరు వెతికి లేదన్నదా? వెతకలేక ఆగిపోయిందా? లేక వెతికి, దొరికిన తప్పు జవాబునే ఒప్పని నమ్మిందా? మూడింటి లక్షణాలు వేరు, మందులు వేరు. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం.

సర్వరుకి పట్టికలెందుకు

ఒక ఉత్తరం వచ్చిందంటే సర్వరు చాలా సందేహాలు తీర్చుకోవాలి. ఈ డొమైన్ మనదేనా? ఈ పేరుకి పెట్టె ఉందా? ఇది మరెవరికైనా మారుపేరా? తెచ్చిన యంత్రం మనం వద్దనుకున్న జాబితాలో ఉందా? దీన్ని ఏ దారిన ముందుకు పంపాలి? ఈ జవాబులు ప్రోగ్రాములో రాయరు. ఉద్యోగులు చేరుతుంటారు, మానేస్తుంటారు. కొత్త డొమైన్లు వస్తుంటాయి. అందుకే జవాబులు ప్రోగ్రాముకు బయట, పట్టికల్లో ఉంటాయి. ఎడమవైపు వెతికే మాట, దాన్ని కీ అంటారు. కుడివైపు దానికి దొరికే ఫలితం.

1979లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ డెలివర్‌మెయిల్ అనే ప్రోగ్రాము రాశాడు. దాని వారసుడే సెండ్‌మెయిల్. మారుపేర్లను 'ఏలియాసెస్' అనే ఫైల్లో రాసుకునే అలవాటు ఆ వంశంలోదే. ఇవాళ్టి లినక్స్ యంత్రాల్లోనూ ఆ ఫైలు కనిపిస్తుంది. సెండ్‌మెయిల్ సర్వాధికారాలతో నడిచే ఒక పెద్ద ప్రోగ్రాము. 1988 నవంబరు 2న మోరిస్ వర్మ్ ఇంటర్నెట్‌లో పాకినప్పుడు అది దూరిన సందుల్లో సెండ్‌మెయిల్ డీబగ్ సౌకర్యం ఒకటి.

ఆ తర్వాత పదేళ్ళకు, 1998 డిసెంబరులో, ఐబీఎం వాట్సన్ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తున్న డచ్ శాస్త్రవేత్త వీట్సే వెనెమా మరో పద్ధతిలో కట్టిన సర్వరు బయటికొచ్చింది. మనం ఇప్పుడు పోస్ట్‌ఫిక్స్ అంటున్నది దాన్నే. అందులో ఒక్క పెద్ద ప్రోగ్రాము లేదు. ఉత్తరం అందుకునేది ఒకటి, చిరునామా సవరించేది మరొకటి, వరసలో నిలబెట్టేది ఇంకొకటి, పెట్టెలో వేసేది వేరొకటి. ఎవరికి ఎంత అధికారం కావాలో అంతే ఇస్తారు. ఒకదానిలో దొంగ దూరినా మిగతావాటి జోలికి పోలేడు.

భద్రతకు ఇది మేలు చేసింది. పట్టికల విషయంలో ఒక చిక్కు కూడా తెచ్చింది. ఒకే పట్టికను వేరువేరు ప్రోగ్రాములు, వేరువేరు హక్కులతో, వేరువేరు చోట్ల నిలబడి చూస్తాయి. కాబట్టి "నాకు కనిపిస్తోంది" అని అడ్మిన్ అన్నంత మాత్రాన సర్వరుకు కనిపిస్తున్నట్టు కాదు. ఈ వాక్యం మరో రెండు మూడుచోట్ల అక్కరకొస్తుంది.

మనిషి రాసేది ఒకటి, సర్వరు చదివేది ఒకటి

పోస్ట్‌ఫిక్స్‌లో ప్రతి పట్టికకూ రెండు ముక్కల పేరుంటుంది. మొదటి ముక్క పట్టిక జాతి, తర్వాత కోలన్, ఆ వెనక ఫైలు పేరు. అన్నిటికన్నా ఎక్కువమందికి తెలిసిన జాతి హాష్.

హాష్ పద్ధతిని 1953లోనే ఐబీఎం ఇంజనీరు హాన్స్ పీటర్ లూన్ సంస్థ లోపలి పత్రమొకటిలో వివరించాడు. వెతికే మాటను ఒక లెక్కలో వేసి సంఖ్యగా మారుస్తారు. ఆ సంఖ్యే ఫలితం ఏ అరలో ఉందో చెబుతుంది. పదివేల పేర్లున్నా పైనుంచి కిందిదాకా చదవక్కర్లేదు. నేరుగా ఆ అర దగ్గరికే వెళ్ళొచ్చు. ఈ వేగానికి ఒక మూల్యముంది. మాటలో ఒక్క అక్షరం మారినా లెక్క పూర్తిగా మారి ఇంకెక్కడో అరకు తీసుకెళ్తుంది. దగ్గరగా ఉన్న పేరు అనేది హాష్‌కు తెలియదు. అచ్చంగా అదే పేరుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

అయితే మనిషి ఈ అరలను చేత్తో నింపలేడు. మామూలు అక్షరాల ఫైలు రాస్తాడు. పోస్ట్‌మ్యాప్ అనే ఆదేశం దాన్ని చదివి, పక్కనే 'డీబీ' అనే తోకతో అరలు కట్టిన మరో ఫైలు తయారుచేస్తుంది. సర్వరు చదివేది రెండో ఫైలునే. మొదటిదాని మొహం కూడా చూడదు. కొత్త ఉద్యోగి పేరు మొదటి ఫైల్లో చేర్చి, పోస్ట్‌మ్యాప్ నడపడం మరిచిపోతే, ఆ ఉద్యోగికి వచ్చే ఉత్తరాలన్నీ 550తో వెనక్కి పోతాయి. అడ్మిన్ ఫైలు తెరిచి చూస్తే పేరు చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. డీబీ ఫైలు మూలం కన్నా పాతదని పోస్ట్‌ఫిక్స్ తన లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది. కాని లాగ్ చదివే అలవాటున్నవాళ్ళకే ఆ హెచ్చరిక ఉపయోగం.

ఏలియాసెస్ ఫైలుది మరో తీరు. అందులో పేరు తర్వాత కోలన్ పెడతారు. దాన్ని మార్చే ఆదేశం పోస్ట్‌ఏలియాస్. పొరపాటున దానిమీద పోస్ట్‌మ్యాప్ నడిపితే కోలన్ కూడా పేరులో కలిసిపోతుంది. ఇది ఏలియాస్ ఫైలు కాదుకదా అని పోస్ట్‌మ్యాప్ అడుగుతుంది, పాపం. ఆ ప్రశ్నను పట్టించుకోకపోతే ఆ పట్టికలో ఇక ఏ పేరూ దొరకదు.

ఏ జాతి పట్టికో తెలియకపోతే

అన్ని ప్రశ్నలకూ అచ్చంగా అదే పేరు అనే పద్ధతి సరిపోదు. ఒక నెట్‌వర్క్‌లోని 256 చిరునామాలనూ ఆపాలంటే అన్నిటినీ రాయడం కన్నా 192.0.2.0/24 అని ఒక్క వరుస రాయడం మేలు. ఇందుకు సీఐడీఆర్ జాతి పట్టిక ఉంది. ఒక రకం పేర్లన్నిటినీ పట్టుకోవాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు వాడే రెగెక్స్‌పీ, పీసీఆర్ఈ జాతులున్నాయి. ఈ పీసీఆర్ఈ లైబ్రరీ పుట్టిందే మెయిల్ కోసం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎగ్జిమ్ అనే మరో మెయిల్ సర్వరు రాసిన ఫిలిప్ హేజెల్, దానికోసమే 1997లో దీన్నీ మొదలుపెట్టాడు. ఇవాళ మెయిల్‌తో సంబంధంలేని ఎన్నో ప్రోగ్రాముల్లో అది ఉంది.

జాతులు కలిసిపోయినప్పుడు వచ్చే తప్పులు చూడండి. ఆ 192.0.2.0/24 వరుసనే హాష్ పట్టికలో రాస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. పోస్ట్‌మ్యాప్ హాయిగా అరలో పెడుతుంది. కాని వచ్చే యంత్రాలేవీ తమ పేరు స్లాష్‌తో చెప్పవు కనుక ఆ అర తలుపు ఎన్నటికీ ఎవరూ తట్టరు. ఆపామనుకున్న నెట్‌వర్క్ దర్జాగా ఉత్తరాలు పంపుతూనే ఉంటుంది.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు ఇంకో గుణముంది. మొదలూ చివరా గీత గీయకపోతే మధ్యలో ఎక్కడ పోలిక దొరికినా చాలంటుంది. 'రమ@' అని మాత్రమే రాసి, అది మొదట్లోనే రావాలని చెప్పకపోతే, మనోరమగారి ఉత్తరాలూ రమగారికే చేరతాయి. పైగా ఇలాంటి పట్టికల్లో వరుసక్రమమే న్యాయం. పైనుంచి చదువుతూ మొదట సరిపోయిన వరుస దగ్గర ఆగిపోతుంది. ఎంతో ఆలోచించి కింద రాసిన మినహాయింపును పైనున్న విశాలహృదయపు వరుస మింగేస్తుంది.

ఇవి అక్షరాల ఫైళ్ళుగానే చదవబడతాయి, వీటికి పోస్ట్‌మ్యాప్ నడపక్కర్లేదు. అయితే హాష్ ఫైలు మారితే పోస్ట్‌ఫిక్స్ తనంతట తాను గమనించినట్టు వీటిని గమనించదు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాము పాత ప్రతినే పట్టుకుని కూర్చుంటుంది. మార్చాక పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ అనాలి.

వెతకలేకపోవడం

ఇప్పుడు 451 దగ్గరికి వద్దాం. లాగ్‌లో 'టెంపరరీ లుకప్ ఫెయిల్యూర్' అని కనిపిస్తే, సర్వరు పట్టిక దగ్గరిదాకా వెళ్ళి తెరవలేక తిరిగొచ్చిందని అర్థం. పాత పోస్ట్‌ఫిక్స్‌లో ఒక పట్టిక తెరుచుకోకపోతే దాన్ని అడిగిన ప్రోగ్రాము అక్కడికక్కడే ప్రాణం వదిలేది. 2012లో వచ్చిన 2.9 నుంచి పద్ధతి మారింది. హెచ్చరిక రాసి, ఆ పట్టికతో పనిలేని సేవలను నడుపుతూ, పని ఉన్నచోట 4తో మొదలయ్యే జవాబిస్తుంది.

ఎందుకు తెరవలేదు? మామూలు కారణాలు త్వరగానే తేలతాయి. డీబీ ఫైలు అసలు తయారుచేయలేదు. లేదా ఫైలు చదివే హక్కు పోస్ట్‌ఫిక్స్‌కు లేదు. లేదా ఆ జాతి పట్టికను చదివే భాగం ఈ యంత్రంలో లేదు. డెబియన్, ఉబుంటుల్లో మైఎస్‌క్యూఎల్‌కీ పీసీఆర్ఈకీ విడి ప్యాకేజీలున్నాయి. అవి పెట్టకుండా ఆ పేర్లు వాడితే 'అన్‌సపోర్టెడ్ డిక్షనరీ టైప్' అంటుంది. ఈ యంత్రానికి ఏయే జాతులు వచ్చో 'పోస్ట్‌కాన్ఫ్ -ఎం' చెబుతుంది.

ఈ మధ్య హాష్‌కు కూడా అదే గతి పడుతోంది. హాష్ పట్టికల వెనక పనిచేసేది బర్క్‌లీ డీబీ అనే లైబ్రరీ. దాన్ని నడిపిన స్లీపీక్యాట్ సంస్థను 2006లో ఒరాకిల్ కొన్నది. 2013లో లైసెన్సు షరతులు బిగించింది. చాలామందికి ఆ షరతులు కుదరలేదు. ఆల్పైన్ లినక్స్, రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 వంటివి దాన్ని వదిలేసి, హోవర్డ్ చూ రాసిన ఎల్‌ఎండీబీకి మారాయి. పాత సర్వరు నుంచి ఫైళ్ళన్నీ జాగ్రత్తగా మోసుకొచ్చి కొత్తదాంట్లో పెడితే, ఇరవై ఏళ్ళు పనిచేసిన 'హాష్' అనే మాట అక్కడ ఎవరికీ అర్థం కాదు. తప్పు చేసిన అడ్మిన్ ఎవరూ లేరు. ఓ లైసెన్సు మారింది, అంతే.

వీటికన్నా తెలివైన చిక్కు ఒకటుంది. పేర్లన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో పెట్టుకున్న సర్వరును తీసుకోండి. 451 వస్తోంది. పట్టికను నేరుగా అడిగి చూసే ఆదేశం 'పోస్ట్‌మ్యాప్ -క్యూ'. అడ్మిన్ దానితో అడిగాడు. పేరు ఠక్కున దొరికింది. డేటాబేసు బాగుంది, పాస్‌వర్డు సరైనదే, ప్రశ్న సరైనదే. సర్వరు మాత్రం వెతకలేకపోయానంటోంది. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డెబియన్, ఉబుంటులు చాలాకాలం ఉత్తరం అందుకునే ప్రోగ్రామును సీహెచ్‌రూట్ అనే ఏర్పాటులో బంధించి నడుపుతూ వచ్చాయి. దానికి పోస్ట్‌ఫిక్స్ స్పూల్ డైరెక్టరీయే సమస్త ప్రపంచం. దాని బయట ఫైళ్ళున్నట్టే తెలియదు. హాష్ ఫైళ్ళను బంధంలోకి వెళ్ళకముందే తెరిచి పట్టుకుంటుంది కనుక వాటికి ఇబ్బంది లేదు. డేటాబేసుతో సంబంధం కలుపుకునేది మాత్రం అవసరమైనప్పుడు, అంటే బంధంలో పడ్డాక. అప్పుడు 'లోకల్‌హోస్ట్' అనే పేరు దెబ్బతీస్తుంది. ఆ పేరు వింటే మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ నెట్‌వర్క్ దారి పట్టదు, సాకెట్ అనే ప్రత్యేకమైన ఫైలు కోసం చూస్తుంది. ఆ ఫైలున్నది బంధం బయట. అడ్మిన్ బయటే నిలబడి అడిగాడు కనుక అతనికి దొరికింది.

లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1 అని రాస్తే దారి నెట్‌వర్క్ మీదుగా మారి పని జరుగుతుంది. ఇంకా మంచి ఉపాయం, పట్టిక పేరుకు ముందు 'ప్రాక్సీ' అని చేర్చడం. అప్పుడు బంధం బయటుండే ప్రాక్సీమ్యాప్ అనే సహాయకుడు డేటాబేసును అడిగి జవాబు అందిస్తాడు.

ఆ సహాయకుడు మరో జబ్బును కూడా నయం చేస్తాడు. ఒక్కో సేవకు పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 100 ప్రాసెస్‌ల దాకా నడపగలదు. ఒక్కో ప్రాసెస్ తను వాడే ప్రతి పట్టికకూ డేటాబేసుతో విడిగా ఒక కనెక్షన్ తెరుస్తుంది. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఒప్పుకునేది 151 కనెక్షన్లు. మూడు పట్టికలున్నా చాలు, రద్దీ వేళ లెక్క దాటిపోతుంది. రాత్రి బాగానే ఉండి, పగలు పదకొండింటికి మాత్రమే 451లు కురిపించే సర్వర్ల రహస్యం చాలాసార్లు ఇదే. ప్రాక్సీమ్యాప్ కొద్ది కనెక్షన్లతోనే అందరి ప్రశ్నలూ అడిగిపెడుతుంది.

ఇంత గొడవలోనూ 451 మనకు చేసిన మేలొకటుంది. ఒక్క ఉత్తరమూ పోలేదు. పంపేవైపు పోస్ట్‌ఫిక్స్ ఉంటే, మొదట 300 సెకన్ల తర్వాత, ఆపైన 4000 సెకన్ల దాకా విరామం పెంచుకుంటూ, ఐదురోజులపాటు ప్రయత్నిస్తూనే ఉంటుంది. శనివారం చెడింది సోమవారం బాగుచేసినా ఉత్తరాలు వచ్చి చేరతాయి. కాలంచెల్లిన ఓటీపీలు, అయిపోయిన మీటింగు పిలుపులు తప్ప నష్టం పెద్దగా ఉండదు.

చప్పుడు చేయని తప్పులు

451 అరిచి చెబుతుంది. కొన్ని తప్పులు నోరు మెదపవు. సర్వరు దృష్టిలో అంతా సవ్యమే: పట్టిక తెరిచింది, వెతికింది, జవాబొచ్చింది.

'వర్చువల్_ఏలియాస్_మ్యాప్స్' అని రాయాల్సినచోట చివరి ఎస్ మరిచిపోతే, అది ఎవరూ వాడని కొత్త పేరవుతుంది. సర్వరు దాన్ని పట్టించుకోదు, పట్టికనూ చూడదు. పోస్ట్‌కాన్ఫ్ నడిపితే మాత్రం వాడుకలో లేని పేరని హెచ్చరిస్తుంది. పట్టికలో ఒక వరుస ముందు ఖాళీ పడితే, అది పై వరుసకు కొనసాగింపు అయిపోతుంది. కింది పేరు మాయమై పైవాడి ఫలితంలో కలుస్తుంది. వరుస చివర '#' పెట్టి "జూన్‌లో చేరారు" అని గుర్తు రాసుకుంటే, ఆ గుర్తు కూడా ఫలితంలో భాగమే. '#' వరుస మొదట ఉంటేనే వ్యాఖ్య. మైఎస్‌క్యూఎల్ పట్టికకు 'డొమైన్' అనే అమరిక ఉంది. అందులో రాసిన డొమైన్లకే అది ప్రశ్న పంపుతుంది. కొత్త డొమైన్‌ను డేటాబేసులో చేర్చి ఇక్కడ మరిస్తే, డేటాబేసును అడగకుండానే లేదనే జవాబొస్తుంది.

వీటిలో తలమానికం మారుపేర్ల పట్టికలోని సర్వగ్రాహి వరుస. పోస్ట్‌ఫిక్స్ ఒక చిరునామాను ఒక్కసారే వెతకదు. మొదట పూర్తి చిరునామా, అది లేకపోతే ఉత్త '@డొమైన్'. కాబట్టి '@డొమైన్' ఎదురుగా ఆఫీసు చిరునామా రాస్తే, ఊరూపేరూ లేని ఉత్తరాలన్నీ ఆఫీసుకు చేరతాయని ఆశ. కాని మారుపేర్ల విచారణ పెట్టెల విచారణ కన్నా ముందు జరుగుతుంది. నిజంగా పెట్టెలున్న రమ, కిరణ్‌ల పూర్తి చిరునామాలు మారుపేర్ల పట్టికలో లేవు కనుక వాళ్ళ ఉత్తరాలు కూడా '@డొమైన్' పాలవుతాయి. లాగ్‌లో అన్నీ విజయవంతంగా చేరినట్టే ఉంటుంది. రమకి మాత్రం వారం నుంచి ఒక్క ఉత్తరం లేదు. దీనికి మందు వింతగా కనిపిస్తుంది: పెట్టె ఉన్న ప్రతివాళ్ళకీ ఆ పేరు ఎదురుగా ఆ పేరే రాయాలి.

ఇక్కడ పోస్ట్‌మ్యాప్ -క్యూ హద్దు కూడా తెలియాలి. అది ఇచ్చిన మాటను ఇచ్చినట్టే ఒక్కసారి వెతుకుతుంది. '@డొమైన్' దాకా తనంతట తాను వెళ్ళదు, ఒక మారుపేరు వెనక ఇంకో మారుపేరుంటే అక్కడిదాకా పోదు. అందుకే దానికి దొరకనిది సర్వరుకు దొరకొచ్చు. సర్వరు వేసే ప్రతి రూపాన్నీ వరసగా మనమే అడగాలి. రూట్‌గా అడిగితే రూట్‌కున్న హక్కులతో జవాబొస్తుంది కనుక పోస్ట్‌ఫిక్స్ యూజరుగా అడగాలి. మొత్తం దారిని చూడాలంటే 'సెండ్‌మెయిల్ -బీవీ' అనే పోస్ట్‌ఫిక్స్ ఆదేశం ఉంది. ఉత్తరం పంపకుండానే, పంపితే ఎక్కడికి చేరేదో నివేదిక రాసి మన పెట్టెలో వేస్తుంది.

కిరణ్ ఎవరు, కిరణ్ ఎవరు

తెలుగు చిరునామాలతో ఈ కథ మరో మలుపు తిరుగుతుంది. భారతదేశానికున్న దేశీయ లిపుల డొమైన్లలో తెలుగు '.భారత్' ఒకటి. చిరునామాలో '@'కు ముందూ తెలుగు రాయగలిగే ప్రమాణం 2012లో వచ్చింది. 2015 నాటి పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఆ సౌకర్యం ఉంది.

ఒకే తెలుగు డొమైన్‌కు రెండు రూపాలుంటాయి: మనం చదివే తెలుగు రూపం, పాత యంత్రాల కోసం 'ఎక్స్ఎన్--'తో మొదలయ్యే రోమన్ అక్షరాల రూపం. పట్టికలో వెతికేముందు పోస్ట్‌ఫిక్స్ ఒకదాన్ని రెండోదిగా మార్చదు. ఏ రూపంలో వస్తే ఆ రూపంలోనే వెతుకుతుంది. ఒకటే రాసి ఊరుకుంటే సగం లోకానికి మన డొమైన్ లేనట్టే. రెండూ రాయాలి.

అక్షరాల లోపల ఇంకా సూక్ష్మమైన తేడాలున్నాయి. తెలుగు టైపు చేసే పరికరాలు కొన్ని, పొల్లుతో ముగిసే మాట చివర కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పెడతాయి. 'కిరణ్' చివర ఆ గుర్తున్నా లేకున్నా తెరమీద ఒకేలా ఉంటుంది. హాష్ లెక్కకు మాత్రం అది అదనంగా మూడు బైట్లు, అంటే మరో మనిషి. ఐత్వాన్ని కూడా యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వమూ దానికింది గుర్తూ కలిపి రెండుగానూ రాయొచ్చు. 'కైలాస్' అని రెండుచోట్లా కనిపిస్తున్నా లోపలి బైట్లు ఒకటి కాకపోవచ్చు. ఇలాంటి చోట కళ్ళతో పోల్చి లాభం లేదు. లాగ్‌లోని చిరునామానూ పట్టికలోని కీనీ బైట్లుగా విప్పి పక్కపక్కన పెట్టాలి.

లేదనడానికి అర్హత

1978లో రేమండ్ రైటర్ అనే తర్కశాస్త్రవేత్త డేటాబేసుల్లో అందరూ మాట్లాడకుండా పాటించే ఒక సూత్రాన్ని స్పష్టంగా రాసిపెట్టాడు. డేటాబేసులో లేని విషయం నిజం కాదనుకోవడం ఆ సూత్రం. దాన్ని మూసిన ప్రపంచపు భావన అనొచ్చు. రైలు టైంటేబుల్లో మూడుగంటల బండి లేకపోతే ఆ బండే లేదంటాం. రైల్వేవాళ్ళు "మూడుగంటలకు బండి లేదు" అని విడిగా అచ్చువేయరు. మెయిల్ సర్వరు 550 అనడం పూర్తిగా ఈ భావన మీదే ఆధారపడి ఉంది. 'రమ లేదు' అని పట్టికలో ఎక్కడా రాసి ఉండదు. రమ కనిపించకపోవడమే రుజువు.

ఆ రుజువు చెల్లాలంటే పట్టిక పూర్తిగా ఉండాలి, తాజాగా ఉండాలి, సరైన రూపంలో అడగాలి. దొరికిందని చెప్పడానికి ఒక వరుస చాలు; దొరకలేదని చెప్పడానికి మొత్తం పట్టిక సాక్ష్యం కావాలి. పై పేజీల్లోని తప్పులు చాలావరకు అర్హత లేకుండా లేదనడాలే. పాత డీబీ ఫైలు, డొమైన్ అమరికలో మరిచిపోయిన పేరు, కనిపించని మూడు బైట్లు: ప్రతిచోటా సర్వరు అసంపూర్ణమైన ప్రపంచాన్ని మూసిన ప్రపంచమనుకుంది.

అలాగని 550నే మానేస్తే? విసిగిపోయిన అడ్మిన్‌లు కొందరు ఆ పనీ చేస్తారు. స్థానిక పేర్ల పట్టిక అమరికను ఖాళీ చేస్తే సర్వరు ఎవరి పేరున వచ్చినా తీసుకుంటుంది. తీసుకున్నాక పెట్టె లేదని తెలిసి, పంపినవాళ్ళకు క్షమాపణ ఉత్తరం రాస్తుంది. స్పామ్‌లో పంపినవారి పేరు దొంగపేరు కనుక ఆ క్షమాపణలన్నీ ఏ పాపమూ ఎరగనివాళ్ళ పెట్టెల్లో పడతాయి. కొన్నాళ్ళకు మన సర్వరే నిషేధ జాబితాలకు ఎక్కుతుంది. లేదని చెప్పగలగడం కూడా సర్వరు బాధ్యతే.

పట్టికలు మార్చేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ ఒక రక్షణ ఇస్తుంది. 'సాఫ్ట్_బౌన్స్'ను 'యెస్' చేస్తే 5తో మొదలయ్యే జవాబులన్నీ 4గా మారతాయి. లేరనాల్సినచోటల్లా కాసేపాగి రమ్మంటుంది. పొరపాటు జరిగినా ఉత్తరాలు పంపినవాళ్ళ వరసల్లో భద్రంగా ఉంటాయి. పని అయ్యాక తీసేయాలి. లేకపోతే నిజంగా లేనివాళ్ళ కోసం కూడా లోకం ఐదురోజులు మన గుమ్మం తొక్కుతూ ఉంటుంది.

ఈ రక్షణకు ఒక హద్దుందని పోస్ట్‌ఫిక్స్ పత్రాలే హెచ్చరిస్తాయి. చిరునామా తిప్పడంలో, దారి ఎంపికలో జరిగిన తప్పులకు ఇది పనిచేయదు. రమ ఉత్తరం ఆఫీసుకు చేరితే అక్కడ తిరస్కారమే జరగలేదు, మెత్తబరచడానికి 5 అనే అంకే లేదు.

అందువల్ల మూడో రకం తప్పులకు మనిషి తనిఖీ తప్ప గతి లేదు. పట్టిక మార్చేముందే పది పదిహేను చిరునామాల జాబితా రాసి, ఒక్కొక్కదాని ఎదురుగా రావాల్సిన జవాబు రాసుకోవాలి. మార్చాక అవే అడిగి పోల్చాలి. జాబితాలో పెట్టె ఉన్నవాళ్ళు, మారుపేర్లు, రెండు రూపాల్లో తెలుగు డొమైన్ ఉండాలి. వాటితోపాటు ఎవరికీ లేని ఒక పేరు కూడా తప్పకుండా ఉండాలి. ఉన్నవాళ్ళందరినీ కనుక్కున్న పట్టిక ఆ లేని మనిషిని కూడా ఉన్నాడంటే, మిగతా జవాబులన్నీ ఒప్పయినా ఆ మార్పును వెనక్కి తీసుకోవాల్సిందే.